పిట్ట ముట్టని పేరు

“కాకిది తప్పేం లేదు బిడ్డా. పిలిచినోళ్లది తప్పు. ‘కిష్టయ్యా రా, కిష్టయ్యా తిను’ అని గొంతు చించుకుంటే పోయినోడు ఎందుకు వస్తడు? నిన్ను ఎవలన్న ‘లక్ష్మణ్’ అని పిలిస్తే నువ్వు ఎనుకకు తిరిగి సూస్తవా?”

యమునాబాయి ఆ మాట మెల్లగానే అన్నది. అయినా అదే గల్లీలో ఉండే సిద్ధరాములు చేతి గ్లాసులోంచి చాయ్ తొణికి వేళ్ల మీద పడింది. మొగడు పోయిన మూడో రోజు ఆడమనిషి ఏదో ఒకటి అంటుందిలే అని సర్దుకుందామనుకున్నాడు. కానీ ఆమె కళ్లలో తడి లేదు, చూపులో తడబాటు లేదు. పోగు తెగిందని గుర్తుపట్టిన నేతగాడు మగ్గం ఆపి చూసినట్టు నిదానంగా చూస్తోంది.

పొద్దున పిట్టకు పెట్టడం సరిగ్గా జరగలేదు. సోలాపూర్ భవాని పేట్‌లోని తెలుగు సాలోళ్ల, అంటే నేతవాళ్ల ఇళ్లలో ఎవరైనా పోతే మూడో రోజు వాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, పేరు పెట్టి పిలిచి, కాకి ముట్టేదాకా నిలబడతారు. కిష్టయ్య మామకని జొన్న రొట్టె, పల్లీల చట్నీ, బెల్లం చాయ్ పెట్టారు. కోడలు సుశీల తన చేత్తో చుట్టిన బీడీ కట్ట ఒకటి విప్పి పక్కన పెట్టింది. కాకులు వచ్చాయి. గోడ మీద వరుసగా కూర్చున్నాయి. దిగలేదు.

పోయినవాడికి ఏదో కోరిక మిగిలిపోయిందన్నారు. కొడుకు లక్ష్మణ్ చేతులు జోడించి, “బాపూ, ఇల్లు అమ్మను. చెల్లెను మంచిగ సూసుకుంట” అన్నాడు. కాకి కదల్లేదు. “మగ్గం గుంట పూడ్చను, ఆ జాగల పవర్‌లూం పెట్టను” అన్నాడు మరింత దిగి. కాకి మెడ తిప్పి అశోక్ చౌక్ వైపు చూసింది. ఎదురింటి రాజమ్మ ఊరుకుంటుందా? “ఒరే లక్ష్మణ్, మీ బాపుకు ఖీమా అంటే పానం. రొట్టె పెట్టి ఊరుకుంటే దిగుతడా?” అన్నది. ఖీమా కూడా వచ్చింది. కాకి అదీ ముట్టలేదు. ఎండ నడినెత్తికి వచ్చాక విస్తరి ఆవుకు పెట్టి, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక అందరూ తలో దిక్కు వెళ్లిపోయారు.

అప్పుడు యమునాబాయి కబురు చేసింది. సిద్ధరాములు వచ్చేసరికి వెనక అర్రలో, నేతగాడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంట గట్టు మీద కూర్చుని ఉంది.

“అత్తా, జరంత సేపు పండుకో. నీకు నిద్ర లేదు,” అన్నాడు అతను.

“పండుకుంట తియ్. ఇగ పండుకునుడే గద. ముందుగాల ఇది చెప్పు. నేను మీ మామ పేరు నోటితోని పలికింగ నువ్వు ఎప్పుడన్న విన్నవా?”

సిద్ధరాములు ఆలోచించాడు. వినలేదు. భార్యలు భర్త పేరు పలకకపోవడం ఎవరికీ వింత కాదు. కానీ సోలాపూర్‌లో దానికో మినహాయింపు ఉంది. పసుపు కుంకుమల పేరంటంలోనో, పెళ్లిలోనో మరాఠీ ఆడవాళ్లు చిన్న పాటలాంటి మాట కట్టి అందులో మొగడి పేరు ఇరికించి చెబుతారు. ‘నావ్ ఘే, నావ్ ఘే’, పేరు చెప్పు అని చుట్టూ ఉన్నవాళ్లు వెంటపడతారు. తెలుగిళ్లకూ ఆ సరదా ఎప్పుడో అంటింది. యమునాబాయి మాత్రం ఎన్నడూ చెప్పలేదు. సిద్ధరాములు పెళ్లిలో ఆడవాళ్లంతా కలిసి గదిలో పెట్టి గొళ్లెం వేస్తే, కిటికీ ఊచల్లోంచి అన్నం పెట్టమన్నదే గానీ పేరు చెప్పలేదు. “ఏం యమునక్కా, మీ ఆయన పేరు నోట్లె పెట్టుకుంటే పండ్లు ఊడుతయా?” అని రాజమ్మ అప్పటి నుంచి ఇప్పటిదాకా ఎత్తిపొడుస్తూనే ఉంది.

“వినలేదత్తా.”

“ఎట్ల వింటవు? అందరు పిలిచే పేరు ఆయనది గాదు. ఆయన పేరు అందరి ముంగట అనొద్దు. ఇగ నేనేం అందును?” ఆమె ఎండిన పెదవులు తడుపుకుంది. కొత్త రుచి చూసే పిల్లలా ముఖం పెట్టి, “మల్లేశం,” అన్నది. 

సిద్ధరాములు ఆ ఇంట్లో ఆ పేరు వినడం అదే మొదటిసారి. చాయ్ గ్లాసు కింద పెట్టి గుంట అవతలి గట్టు మీద, ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

“చెప్పు అత్తా. నాకేం పని లేదు.”

“నీకు పని లేనిది ఎన్నడు? అయినా ఇంటవు. అందుకే పిలిచిన.”

ఆమె చెప్పడం మొదలుపెట్టింది.

అది తెల్లదొరల పాలన. గాంధీని పట్టుకున్నారని సోలాపూర్ భగ్గుమన్న ఎండాకాలం. మిల్లులు మూతపడ్డాయి, పోలీసులు కాల్చారు, జనం తిరగబడ్డారు. తర్వాత తెల్ల సోల్జర్లు రైళ్లలో దిగారు. మార్షల్ లా అన్నారు. నెత్తి మీద గాంధీ టోపీ కనబడితే చాలు, పట్టుకుపోయేవారు. పొద్దున కాసేపు కూరగాయలకూ నీళ్లకూ విడిచేవారు, మిగతా రోజంతా వీధుల్లో కుక్క కూడా తిరగొద్దు. సరిగ్గా ఆ వారంలోనే యమున పెళ్లి. అప్పటికి ఆమె ఇంకా పరికిణీ కట్టే పిల్ల. సాఖర్ పేట్‌లో పుట్టిల్లు. వరుడు భవాని పేట్ గంగుబాయి కొడుకు కిష్టయ్య. గంగుబాయి మొగడు లేని మనిషి. ఒక్కడే కొడుకు, ఒకటే మగ్గం.

“బాసికాలు తెస్తనని పోయిండట మంగళవార్ పేట్‌కు. ఆ దినమే గోలీలు పేలినయి. మనిషి తిరిగి రాలే. ఎవలింట్లనో ఇరుక్కున్నడు, దారి ఇడిస్తె వస్తడు అనుకున్నరు. లగ్గం దాటితే మల్ల మూఢం. ఎట్ల? ఎదురింటి నర్సప్ప తాత పెద్దమనిషి. కిష్టయ్యకు మగ్గం నేర్పింది ఆయననే. ‘రాజులు యుద్ధాలకు పోతే కత్తిని పంపి పెండ్లి చేసుకుంటరట. సాలోనికి పోగు ఉరికిచ్చే నాడెనే కత్తి. కిష్టయ్య నాడె నేను పట్టుకపోత’ అన్నడట. పొద్దుగాల కూరగాయల టైంల, సంచిల గోంగూర కింద నాడె పెట్టుకొని మా ఇంటికి వచ్చిండు. పీట మీద నాడె పెట్టిన్రు. దానికి కంకణం కట్టిన్రు. దాని పక్కన నేను.” యమునాబాయి నవ్వింది. “మా చిన్నమ్మ చెవుల చెప్పింది, ‘మంచిదే తియ్యి, ఇది కొట్టదు తిట్టదు, నూలు కండె పెడితే చాలు’ అని.”

మర్నాడు అదే కూరగాయల వేళలో పెళ్లికూతురిని గల్లీల గుండా నడిపించి అత్తవారింట దింపారు. మొగడు లేని ఇంట్లో, పసుపు బట్టలతో, నాడెను పక్కన పెట్టుకుని ఆ పిల్ల లోపలి అర్రలో కూర్చుంది. అటుపై రెండో రోజు మిట్టమధ్యాహ్నం ఆ ఇంటి వెనక తలుపు కదిలింది.

“నేను తలుపు సందుల నుంచి సూసిన. ఒక పిలగాడు వచ్చిండు. మా అత్త కాళ్ల కాడ కూలబడ్డడు. ఏదో అన్నడు. నాకు వినవడలే. నడుముకు కట్టిన గుడ్డల నుంచి బాసికం తీసి ఆమె చేతుల పెట్టిండు. ఒక పక్క ముత్యాలు రాలినయి దానికి. నా మొగడే అనుకున్న, సిగ్గుతోని ఎనుకకు జరిగిన. మా అత్త ఏడువలే. అరువలే. బాసికం దిక్కు సూసుకుంట నిలవడ్డది. గప్పుడే గల్లీల బూట్ల సప్పుడు.”

వచ్చినవాడు మల్లేశం. నిజాం రాజ్యంలో, మానేరు వాగు అవతలి ఊరివాడు. పని వెతుక్కుంటూ సోలాపూర్ వచ్చి, కిష్టయ్యకు స్నేహితుడయ్యాడు. గోలీ తగిలిన కిష్టయ్యను ఒళ్లో పడుకోబెట్టుకున్నది అతనే. శవాన్ని పోలీసులు బండిలో వేసుకుపోయారు, ఎక్కడ తగలబెట్టారో తెలియదు. గుంపులో ముందు నడిచిన నిజాం రాజ్యపు నేతగాడి కోసం ఇప్పుడు ఇల్లిల్లూ గాలిస్తున్నారు. దొరికితే ఉరే. తల్లికి ఆ మాటా, ఆ బాసికమూ అప్పగించి వెళ్లిపోదామని వచ్చాడు.

గంగుబాయి అతన్ని వెళ్లనివ్వలేదు. నడుముకు దోపుకున్న గాంధీ టోపీ లాగి గంజి పొయ్యిలో పడేసింది. రెక్క పట్టుకుని తీసుకొచ్చి ఈ గుంటలోనే, కొడుకు కాళ్లు పెట్టిన చోటే అతని కాళ్లు పెట్టించింది. కొడుకు బాసికం అతని నుదుటికి కట్టింది, ముత్యాలు రాలిన పక్క గోడ వైపు తిప్పి. “నెయ్యి,” అన్నది. ఒక్కటే మాట. అర్ర వైపు తిరిగి, “కోడలా, నీ పెనిమిటి వచ్చిండు, నీళ్లియ్యి,” అని కేకేసింది.

“సోల్జరు గడప మీద నిలవడ్డప్పుడు నేను సెంబు పట్టుకొని ఉన్న. బాసికం కట్టుకొని మగ్గం నేసే పెండ్లికొడుకును వాడు ఎన్నడన్న సూసిండో లేదో! నవ్విండు కూడ. అయినా ఎంబడి ఉన్న పోలీసోడు ఊకోలే. ఎదురింటికి పోయి అడిగిండు, ‘ఎవలు వాడు?’ నర్సప్ప తాత అరుగు మీద కూసొని ఉన్నడు. ‘వాడా? గంగుబాయి కొడుకు, కిష్టయ్య. మొన్ననే లగ్గమైంది. నేనే ముంగటుండి చేసిన. ఇంతవరకు గుక్కెడు కల్లు తాపలేదు బేకార్‌గాడు’ అన్నడు. పక్కింట్ల అడిగిండు. కిష్టయ్య. మూలమీది ఇల్లు. కిష్టయ్య. బాయి కాడ ముసలవ్వ. కిష్టయ్య. గల్లీ గల్లీ అంతా ఒకటే మాట. ఎవలు ఎవలికి చెప్పిన్రు? ఎప్పుడు చెప్పిన్రు? నాకు ఇప్పటికి తెలువది బిడ్డా.”

ఆ అరుగు సిద్ధరాములు చిన్నప్పుడు గోళీలు ఆడిన అరుగే. మూలమీది ఇల్లు తన తాతదే. తాత చివరి రోజుల్లో తన జీవితమంతా నూరుసార్లు చెప్పాడు, ప్రతిసారీ పొడిగిస్తూ చెప్పాడు. ఈ ముక్క మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

“మా తాతకు తెలుసా అత్తా?”

“అందరికి తెలుసు. ఎవలికి తెలువది. ఒక్కొక్కరు నోరు మూసుకొనే పోయిన్రు. మా బాపు సుత! లగ్గం ఖాయం చేసుకున్ననాడు కిష్టయ్యను కండ్లార సూసినోడు. దారులు తెరిసినంక బిడ్డను సూడ వచ్చిండు. మగ్గం మీద వేరే మనిషి. ఒక గడియ అట్లనే నిలవడ్డడు. సెంబు అందుకొని ఆయన కాళ్లు కడిగి, ‘అల్లుడా, మంచిగున్నవా?’ అన్నడు. సెంబుల నీళ్లు వణుకుతున్నయి. బాపు ముసలోడైతున్నడు అనుకున్న నేను.”

“మరి నీకెట్ల తెలిసింది? ఎవలు చెప్పిన్రు?”

“ఎవ్వలు చెప్పలే. పోగు చెప్పింది.”

మగ్గం మీది పడుగు, అంటే నిలువు పోగుల వరుస, అయిపోవచ్చినప్పుడు నేతగాడు దాన్ని పూర్తిగా తీసెయ్యడు. జానెడు మిగిల్చి, కొత్త పడుగులోని ఒక్కొక్క పోగునూ పాత పోగుకు పేని అతుకుతాడు. ఎదురుగా ఒకరు కూర్చుని పోగులు అందిస్తారు, ఇవతల ఒకరు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇంత బూడిద అద్దుకుని పేనుతారు. సిద్ధరాములు బతుకుతెరువూ అదే. అశోక్ చౌక్ పవర్‌లూం షెడ్లలో దాన్ని వైఫణి పని అంటారు. ఈ పని అతనికి నేర్పింది ఈ ఇంటి మామే, ఈ గట్టు మీదే.

గంగుబాయి ఆ పడుగును వీలైనన్నాళ్లు అయిపోనివ్వలేదట. నిమ్మళంగా నెయ్యి, నిమ్మళంగా నెయ్యి అనేదట. అది కొడుకు అతికిన పడుగు. అయినా పడుగు ఎన్నాళ్లు ఆగుతుంది? ఒకనాటికి అయిపోయింది. నేసిన గుడ్డను విప్పి మడతపెట్టమని కోడలికి ఇచ్చారు. గుడ్డ మొదట్లో జానెడు మేర పాత అతుకుల వరుస ఉంటుంది. సాలోళ్ల పిల్లకు అది చూడకుండా చెయ్యి ఆగుతుందా? చూసింది. అతుకుల కొసలన్నీ కుడికి వాలి ఉన్నాయి. ఈ ఊళ్లో అందరూ పేనినట్టే, బొటనవేలు బయటికి నెట్టి పేనిన అతుకులు.

ఆ పొద్దే కొత్త పడుగు అతకడానికి కూర్చున్నారు. ఆమె పోగు అందించింది. అతను అందుకుని పేనాడు. బొటనవేలు బయటికి వెళ్లలేదు. లోపలికి, గుండెల వైపుకు వచ్చింది. ఇంకో పోగు. మళ్లీ లోపలికే. కొస ఎడమకు వాలింది.

“నడక మార్చుకోవచ్చు, మాట మార్చుకోవచ్చు. బొటనవేలు ఎవని మాట ఇంటది? పొద్దటి గుడ్డ మీద ఉన్నది ఒక చెయ్యి. నా ముంగట ఉన్నది ఇంకో చెయ్యి. ఈ మగ్గం నేసిన కిష్టయ్య ఈయన గాదు. నా చేతుల పోగు అట్లనే ఆగిపోయింది. ఆయన తల ఎత్తి నన్ను సూసిండు. నేను సూసింది ఏందో ఆయనకు తెలిసింది. మా అత్త పొయ్యి కాడ నుంచి లేసి వచ్చి నా పక్కన కూసున్నది. గప్పుడు చెప్పింది అంతా. కొడుకు సచ్చిపోయిన మాట ఆమె నోటి నుంచి బయటికి వచ్చింది గప్పుడే, నా ముంగట. ‘నిన్ను నేను మోసం చేసిన బిడ్డా. మీ బాపు ఇంటికి పోతనంటే సాగదోలుత. పోయి ఏం చెప్పుకున్నా నీ ఇష్టం. ఉంటనంటే ఆ పోగు అందియ్యి’ అన్నది.”

బయట ఎవరి ఇంట్లోనో పవర్‌లూం దడదడలాడుతోంది. ఆ చప్పుడులో కూడా సిద్ధరాములుకు ఒక పాత చేతిమగ్గం ఆగిపోయిన నిశ్శబ్దం వినబడినట్టే ఉంది.

“చాన సేపు కూసున్నవా అత్తా?”

“ఎంత సేపో నేను లెక్క పెట్టిన్నా? ఆయన చేతులు సూసిన. పోగు కోసం చాపినయి అట్లనే ఉన్నయి. నన్ను అడుగుతలేడు, బతిమాలుతలేడు. నేను లేసిపోతే సుత ఏం అనేటట్టు లేడు. మా అత్త ముఖం సూసిన. కడుపుల కొడుకు శవం పెట్టుకొని, ఇంకో తల్లి కొడుకును కాపాడుతున్నది. ఈ ఇంట్ల ఇంత పెద్ద మనుషులున్నరు, నేను చిన్నగ అవుడెందుకు అనిపించింది.” యమునాబాయి రెండు వేళ్లు ముందుకు చాపింది, ఇప్పటికీ వాటి మధ్య పోగు ఉన్నట్టు. “ఇచ్చిన. నా లగ్గం నాడెతోని గాలే బిడ్డా. ఆ పోగుతోని అయింది.”

సిద్ధరాములు తన తెలివికి అందేది అడిగాడు. “స్వతంత్రం వచ్చినంక ఇంకేం భయం అత్తా? పేరు ఎందుకు చెప్పుకోలే? గవర్మెంటోళ్లు కొట్లాడినోళ్లకు తామ్రపత్రాలు గూడ ఇచ్చిన్రు గద.”

“నేనూ అడిగిన. ‘తామ్రపత్రం ఏ పేరు మీద తీసుకోను? ఉన్నోని పేరు మీదనా, పోయినోని పేరు మీదనా?’ అని నవ్విండు. అసలు సంగతి అది గాదు. మా అత్త బతికి ఉన్నది. ఆమె పొద్దున లేస్తే ‘కిష్టయ్యా’ అని పిలుస్తది, ఈయన ‘ఆఁ అమ్మా’ అంటడు. ఈయన తన పేరు తాను తీసుకుంటే ఆమె కొడుకు మల్ల సావాలె. నిజాం పోయినంక ఒక్కసారి ఊరికి పోయిండు. మానేరు వాగు ఇవుతలి ఒడ్డు దాక పోయిండు. అవుతల వాళ్ల వాడల మగ్గాల సప్పుడు వినుకుంట కూసున్నడట. వాగు దాటలే. తిరిగొచ్చిండు. ‘ఎందుకు దాటలే’ అన్న. ‘దాటితే అక్కడ ఒక తల్లికి కొడుకు దొరుకుతడు, ఇక్కడ ఒక తల్లికి పోతడు’ అన్నడు.”

సుశీల తలుపు దగ్గర తొంగిచూసి, ఇద్దరూ అలా ఎదురెదురుగా గుంటకు చెరోవైపు కూర్చోవడం చూసి, ఏమనుకుందో ఏమో, అలికిడి లేకుండా వెళ్లిపోయింది.

“మా అత్త పెత్రమాసకు పెద్దలందరికి పేరు పెట్టి నీళ్లిడిసేది. ఆఖరుకు ఒక ముద్ద తెచ్చి ఈ గుంట గట్టు మీద పెట్టేది. పేరు లేకుండ. బతికున్నోనికి నీళ్లు ఎట్ల ఇడుస్తరు మరి! పానం పోయే ముంగట ఈయన చెయ్యి పట్టుకొని, ‘మల్లేశం, ఇగ నీ పేరు నువ్వు తీసుకో కొడుకా’ అన్నది. ఈయన తీసుకోలే. ‘వాని పేరు నేను మొయ్యలే యమునా, వాని పేరే నన్ను మోసింది. నేను పోయేటప్పుడు వానిది వానికి ఇచ్చెయ్యి. నాది నాకియ్యి’ అన్నడు. మొన్న జరం వచ్చి మంచంల పడ్డంక సుత అదే మాట అన్నడు.”

పొద్దుటి కాకులు సిద్ధరాములు కళ్ల ముందు మెదిలాయి. గోడ మీద వరుసగా, ఎవరినో వెతుకుతున్నట్టు. ఇన్నేళ్లుగా చుక్క నీళ్లు అందని ఒక కుర్రాడు. మూడు రోజులుగా పేరు లేక గడప బయట నిలబడ్డ ఒక ముసలివాడు. ఇద్దరి మధ్యా ఒకే పేరు.

“పదో దినం పంతులు అడుగుతడు,” అన్నది యమునాబాయి. “పేరేంది, ఇంటిపేరేంది, గోత్రమేంది? కిష్టయ్యవన్ని నాకు తెలుసు, ఈ ఇంటివే. మల్లేశంవి తెలువయి. తెలిస్తే నాకు ఆపతి అని ఇంటిపేరు ఎన్నడు చెప్పలే ఆయన. తర్వాత నేను అడుగలే. అడిగితే వాగు గుర్తొచ్చి అన్నం ముట్టకపోయేది. ఉత్త పేరు పెట్టి ఇడిసిన నీళ్లు ఎవలి దోసిట్ల పడ్తయి? మల్లేశంలు ఊరికి పదిమంది.”

“లక్ష్మణ్‌కు చెప్పు అత్తా. పోయి కనుక్కుంటడు.”

“వాడా! ఇప్పుడు చెప్తే ‘అమ్మకు మతి పోయింది’ అని డాక్టరు కాడికి తోల్కపోతడు. ముందుగాల ఇంటిపేరు రానీ, కూసోబెట్టుకొని చెప్త. అయినా వాడు పోయి ఏం చేస్తడు? వాడు మగ్గం నేర్సుకోలే, ఆఫీసుల కూసుంటడు.” ఆమె లేచింది. గోడకున్న ట్రంకు పెట్టె తెరిచి, అడుగు నుంచి జానెడు నేత గుడ్డ తీసింది. రంగు వెలిసి, మడతల దగ్గర చీకిపోయింది. ఒక అంచున అతుకుల వరుస, కొసలన్నీ కుడికి. “ఇది కిష్టయ్య. ఇంతే మిగిలిండు. మా అత్త కత్తిరించి దాసింది. పదో దినం ఇది ఆయన పేరు మీద నీళ్లల్ల ఇడుస్త. ఆయన సంగతి అయిపోతది. మల్లేశం సంగతి నీది.”

“నాదా?”

“నీ దోస్తులు నిన్ను ఏమని పిలుస్తరు?”

సిద్ధరాములు సిగ్గుపడ్డాడు. “ఉల్టా సిద్ధూ.”

షెడ్లలో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. పక్కన కూర్చున్నవాళ్లంతా బొటనవేలు బయటికి నెడుతుంటే తనదొక్కటే లోపలికి వస్తుంది. మొదట్లో ఒక జాబర్, షెడ్డు మేస్త్రీ, బెత్తంతో వేళ్ల మీద కొట్టి మరీ చెప్పాడు. మారలేదు. అతికినవి తెగవు గనుక తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. మామ అలా నేర్పాడు, తనకు అలా వచ్చింది, అంతే అనుకున్నాడు ఇన్నాళ్లూ. ఇప్పుడు తన కుడిచేతిని తనే కొత్తగా చూసుకున్నాడు. బూడిద పట్టి మొద్దుబారిన ఆ బొటనవేలు తనదేనా అనిపించింది.

“ఆయన చెప్పిండు నాకు,” యమునాబాయి గొంతు తగ్గించింది. “వాళ్ల తాతది ఎడమచేతి వాటమట. పిల్లలందరు ఆయన కాడ కూసొని నేర్సుకున్నరు. ఆ వాడల నాలుగిండ్లల్లనే ఆ తీరుగ పేనుతరట, లోకంల ఇంకెక్కడ లేదట. నా కొడుకు ఆయన పోలికలు ఎత్తుకున్నడు. చెయ్యి నువ్వు ఎత్తుకున్నవు. రేపు పొద్దుగాల హైదరాబాద్ బస్సెక్కు. ఆడికెంచి సిరిసిల్ల దిక్కు పో. మానేరు దాటినంక ఒడ్డు మీది సాలోళ్ల వాడలల్ల తిరుగు. మగ్గం సప్పుడు వినవడ్డ ఇంట్లకల్లా పో. పేరు పెట్టి అడుగకు. ‘సోలాపూర్ నుంచి వచ్చిన, జరంత పడుగు అతుకనియ్యిన్రి’ అను. కూసొని నాలుగు పోగులు అతుకు. నీ బొటనవేలు దిక్కు సూసి ఎవలన్న ముసలోళ్లు ‘ఇది మా ఇంటి అతుకు గద, నీకు యాడిది కొడుకా?’ అన్నరనుకో, వాళ్లనే అడుగు ఇంటిపేరు, గోత్రం. పదో దినం పొద్దు పొడవకముందే నా ముంగట ఉండాలె.”

సిద్ధరాములు తలాడించాడు.

“సుశీల రొట్టెలు కడ్తది. తొవ్వల ముచ్చట్లు పెట్టుకుంట కూసోకు, నీకది అలవాటు. ఇంకోటి, ఆ గోర్లు సూడు ఎంత పెంచినవో! మీ మామ ఉంటే తిడ్తుండె. పొడుగు గోర్లకు పోగు తెగుతది. కత్తిరించుకొని పో బిడ్డా.”